తమ్ముడికి చేతబడి జరిగిందని అమ్మ నమ్మకం. డాక్టర్ దగ్గరికి ఎలా తీసుకెళ్లాలి?

నీలిగోరింట

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలా కాలంగా చదువుతున్నాను. రాయడం మాత్రం ఇదే మొదలు.

మా తమ్ముడికి 21 ఏళ్లు. ఆరు నెలల కిందట ముందు వాడి నిద్ర పోయింది. రాత్రి రెండింటికి లేచి గదిలో ఇటు నుంచి అటు నడుస్తూ ఉండేవాడు. పరీక్షల టెన్షన్ అనుకున్నాం. తర్వాత స్నేహితులతో మాటలు మానేశాడు, స్నానం మానేశాడు. ఇప్పుడు ఫోన్ కెమెరా మీద ప్లాస్టర్ ముక్క అంటించి ఉంచుతాడు. గదిలో అద్దానికి దుప్పటి కప్పేశాడు. అద్దంలోంచి మా పెదనాన్న చూస్తున్నాడట, ఆయన గొంతు చెవిలో వినిపిస్తోందట. ఒక్కోసారి ఆ గొంతుకి జవాబు కూడా చెబుతుంటాడు. తలుపు వేసి ఉన్నా బయటికి వినిపిస్తుంది.

పెదనాన్న వాళ్లతో మాకు పదేళ్లుగా ఆస్తి గొడవ. అందుకే ఇది చేతబడి అని అమ్మ గట్టిగా నమ్ముతోంది. ఎవరో చెబితే ఒకాయన్ని ఇంటికి పిలిపించింది. ఆయన తమ్ముడి దిండు కోసి లోపలి నుంచి వెంట్రుకల ఉండ తీసి చూపించాడు. అది కళ్లారా చూశాక అమ్మ ఇంక ఎవరి మాటా వినడం లేదు. పోయిన ఆదివారం ఆయనే మళ్లీ వచ్చి, "లోపలున్నది నోరు విప్పాలి" అంటూ తమ్ముడి చేతులు రెండూ కట్టి బెత్తంతో కొట్టాడు. అడ్డుపడితే నన్ను బయటికి పంపించి తలుపు వేశారు. వాడి మణికట్ల మీద తాడు ఒరుసుకున్న గుర్తులు ఇంకా మానలేదు.

డాక్టర్ అంటే చాలు, "నా కొడుక్కి పిచ్చివాడని ముద్ర వేయిస్తావా" అని అమ్మ ఏడుస్తుంది. నాన్న లేరు. అమ్మ ఒక్కతే కష్టపడి మమ్మల్ని ఇంతవాళ్లను చేసింది. ఆమెను దూరం చేసుకోకుండా వీణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లే దారి ఎవరైనా చెప్పండి.

తూర్పుదిక్కు

చెల్లెమ్మా, చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. మనిషిని కట్టేసి కొట్టడం వైద్యం కాదు, నేరం. ఆ మనిషి ఇంకోసారి గడప తొక్కితే పోలీసులకు ఫోన్ చేయండి. దిండులో వెంట్రుకలు ఎక్కడివో తెలుసా? ఆయన పిడికిట్లోవి. దిండు కోసే ముందు చేతులు చూపించమని అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఆ గదిలో?

చేతబడి అనేదే లేదని అమ్మగారికి ముఖం మీదే చెప్పండి. మెత్తగా మాట్లాడితే ఈ పని జరగదు.

రాత్రిడ్యూటీ

నేను మానసిక వైద్య వార్డులో నర్సుని. 16 ఏళ్లు అయింది.

కొట్టడం ఆపాలి, అది ఈరోజే ఆపాలి. అంతవరకు తూర్పుదిక్కు గారి మాటే నా మాట. చేతబడి లేదని అమ్మతో వాదించమనడం మాత్రం నేను ఒప్పుకోను. ఆ వాదనలో ఆమె ఓడిపోవడమంటూ ఉండదు. మీతో మాట్లాడటం మానేస్తుంది, అంతే. అప్పుడు మీ తమ్ముడికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది.

మా వార్డుకొచ్చే కుటుంబాల్లో చాలామంది ముందు భూతవైద్యులు, స్వాములు, అలాంటి చోట్లన్నీ తిరిగే వస్తారు. చేర్చుకునే రోజున పేషెంటు చేతికి తాయెత్తు, మెడలో ఇంకోటి, నడుముకి ఇంకోటి. "తీసేయాలా సిస్టర్" అని ఆ తల్లులు భయం భయంగా అడుగుతారు. ఉంచుకోమంటాం. ఎంఆర్ఐ తీసేటప్పుడు లోహం పనికిరాదు కాబట్టి ఆ కాసేపు తీసి తల్లి చేతికే ఇస్తాం. ఆ ఒక్క పనితో ఆమెకి మా మీద సగం నమ్మకం కుదురుతుంది.

నీలిగోరింటా, అమ్మ దగ్గర పిచ్చి అనే మాట, మెదడు అనే మాట ఇప్పుడప్పుడే తేవద్దు. నిద్రతో మొదలుపెట్టండి. వాడు సరిగ్గా నిద్రపోయి ఎన్ని నెలలైందో ఆమెకీ తెలుసు, ఆమెకీ బాధే. "పూజ సంగతి తర్వాత చూద్దాం అమ్మా, ముందు వాడికి నాలుగు రోజులు కంటి నిండా నిద్ర పట్టించుకుందాం" అనండి. ఇందులో మోసం ఏమీ లేదు, డాక్టరు కూడా ముందు చూసేది అదే. ఈ రాత్రి నుంచే ఒక నోటుపుస్తకంలో రాయండి: ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నింటికి లేచాడు, ఏం తిన్నాడు, ఏమన్నాడు. పది నిమిషాల్లో చూసి పంపే డాక్టరుకి మీ ఆరు నెలల సంగతి ఆ పుస్తకమే చెబుతుంది.

ఇంకొకటి. వాడు తిండీ నీళ్లూ పూర్తిగా మానేసినా, చచ్చిపోతానన్నా, ఎవరినైనా చంపమని గొంతు చెబుతోందన్నా, జ్వరం గానీ ఫిట్స్ గానీ వచ్చినా అమ్మ ఒప్పుకునేదాకా ఆగవద్దు. అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లిపోవాలి.

పాతఉత్తరం

అమ్మా నీలిగోరింటా, నేను మీ అమ్మ వయసుదాన్ని. మా అమ్మాయిని నాలుగేళ్లు అలాంటి చోట్ల తిప్పాను. అందుకే మీ అమ్మ తరఫున నాలుగు మాటలు రాస్తున్నాను.

చేతబడి, దెయ్యం అన్న మాట నాకు ఎందుకు నచ్చిందో తర్వాత చాలా ఆలోచించాను. ఎవరో చేయించారు అంటే నా బిడ్డలో లోపం లేదన్నమాట. నా కడుపులోంచి వచ్చినదీ కాదు, నా పెంపకంలో తప్పూ కాదు. బయటి నుంచి పట్టింది కాబట్టి బయటికి పోతుంది. పోయాక పిల్ల మామూలు పిల్లే, ఎవరూ వేలెత్తి చూపరు. అదే డాక్టరు చెప్పే పేరైతే జీవితాంతం ఉంటుందని, పెళ్లి కాదని, చెల్లెలి సంబంధాలు కూడా తప్పిపోతాయని భయం. దెయ్యం అన్న మాటలో నాకు దొరికిన ఓదార్పు ఏ డాక్టరూ ఇవ్వలేకపోయాడు. మీ అమ్మ కూడా దానినే పట్టుకుని ఉంది. లాక్కుంటే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

రెండోది, ఆ పూజలు నిజంగానే పనిచేసినట్టు కనిపించాయి. మొదటిసారి మా అమ్మాయి రాత్రింబవళ్లు మాట్లాడుతూ, పాడుతూ, ఉన్న డబ్బంతా పంచిపెడుతూ ఉండేది. ఒక స్వామి దగ్గర పూజ చేయించాం. మూడు నెలలకి తగ్గిపోయింది. ఆయన ఎంత గొప్పవాడో కనబడిన ప్రతివాళ్లకీ చెప్పాను, నా మాట విని ఇద్దరు తమ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లారు కూడా. ఏడాదికి మళ్లీ వచ్చింది. ఇంకో స్వామి. మళ్లీ తగ్గింది. నాలుగో ఏడు మేడ మీద నుంచి దూకబోతే పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాం.

డాక్టరమ్మ చీటీ వెనక్కి తిప్పి పెన్నుతో అలలా ఒక గీత గీసింది. పైకి, కిందికి, పైకి, కిందికి. "ఈ జబ్బు దానంతటదే లేస్తుంది, కొన్ని నెలలకు దానంతటదే పడుతుంది. మీరు పూజ ఎప్పుడు చేయించారో ఇక్కడ చుక్క పెట్టండి" అని పెన్ను నా చేతికిచ్చింది. పెట్టాను. ప్రతి చుక్కా అల బాగా లేచిన చోటే పడింది. అంత ముదిరాకే కదా మేము పరిగెత్తేది. అక్కడి నుంచి అది ఎలాగూ దిగాల్సిందే. ఆ చీటీ ఇప్పటికీ బీరువాలో దాచుకున్నాను.

జబ్బు పేరు బైపోలార్. లిథియం వాడుతోంది, రక్తపరీక్షలు తప్పకుండా చేయిస్తున్నాం. ఏడేళ్లలో ఒక్కసారే కొద్దిగా తిరగబెట్టింది. ఉద్యోగం చేసుకుంటోంది. ఆ స్వామి దగ్గరికి నేను పంపిన ఇద్దరిలో ఒక బిడ్డ ఇప్పుడు లేడు. అది తలుచుకోని రోజు నాకు లేదు.

గుడిగంట

నేను దేవుణ్ణి నమ్మేవాణ్ణి. పై పోస్టులు చదివాక కూడా నమ్మకం మొత్తం తప్పన్నట్టు మాట్లాడటం నాకు బాధగా ఉంది. మా అన్నయ్యకి తీవ్రమైన డిప్రెషన్ వచ్చినప్పుడు మందులతో పాటు గుడి ఆయన్ని నిలబెట్టింది. అక్కడ ఎవరూ ఆయన్ని ఏమైందని అడగలేదు. పొద్దున్నే ఆవరణ ఊడ్చే పని ఇచ్చారు. అదే ఆయనకి మంచం దిగడానికి కారణమైంది.

2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. తమిళనాడులో ముత్తుస్వామి ఆలయంలో ఉండటానికి వచ్చిన 31 మంది మానసిక రోగుల్ని బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు పరిశీలించారు. సగటున ఆరు వారాలు ఉన్నారు. లక్షణాలు సుమారు 20 శాతం తగ్గాయి. అక్కడ కొట్టడం లేదు, ప్రత్యేకమైన క్రతువులూ లేవు. గుడి పనుల్లో చేయి వేయడం, ఇంటివాళ్లు తోడుండటం, మనిషిని మనిషిగా చూడటం, ఇంతే.

చెల్లెమ్మా, బెత్తం పట్టుకున్నవాడికీ దేవుడికీ సంబంధం లేదని అమ్మగారితో మీరు ధైర్యంగా అనవచ్చు. అది నమ్మకం ఉన్నవాళ్ల మాటే.

తూర్పుదిక్కు

గుడిగంట గారూ, మీ అన్నయ్య సంగతి సంతోషం. కానీ అదే తమిళనాడులో దర్గా ఉన్న ఎర్వాడి అనే ఊరిని మర్చిపోకండి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అక్కడి ఒక ప్రైవేటు షెడ్డులో మంటలు లేచాయి. లోపల ఉన్నవాళ్లు గొలుసులతో కట్టేసి ఉన్నారు, లేచి పరిగెత్తే వీలు లేదు. 28 మంది చనిపోయారు. దర్గాలో నయమవుతుందని ఇంటివాళ్లు ప్రేమతోనే తెచ్చి వదిలారు వాళ్లని.

ఇది మన దగ్గరి కథే అనుకోనక్కర్లేదు. జర్మనీలో 1975-76లో, ఫిట్స్‌కి మందులు వాడుతున్న 23 ఏళ్ల అమ్మాయికి దెయ్యం పట్టిందని చర్చి అనుమతితో 67 సార్లు భూతోచ్చాటన చేశారు. తిండి లేక చిక్కిశల్యమై చనిపోయింది. తల్లిదండ్రులకీ ఇద్దరు ఫాదరీలకీ కోర్టులో శిక్ష పడింది. మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ 2020లో ఇచ్చిన నివేదికలో, మానసిక రోగుల్ని గొలుసులతో కట్టి ఉంచే దేశాలు 60 దాకా ఉన్నాయి.

నా కోపానికి ఇంకో కారణం ఉంది, రాసేస్తాను. మా పిన్ని కొడుకు ఇలాగే మంచాన పడితే, చేసింది మా అమ్మమ్మే అని ఒకడు చెప్పాడు. పేరు చెప్పలేదు, "ఇంట్లోదే, తెల్లజుట్టు" అన్నాడు. ఆ రోజు నుంచి అమ్మమ్మ చేత్తో ఇచ్చిన మంచినీళ్లు కూడా ఎవరూ తాగలేదు. రెండేళ్లు ఒక్కతే వేరే గదిలో తిని అక్కడే పోయింది. చేతబడి అన్న మాటలో జబ్బుపడ్డవాడు ఒక్కడే ఉండడు, చేశారని పేరు పడ్డ మనిషి కూడా ఉంటుంది. నీలిగోరింట వాళ్ల పెదనాన్న మంచివాడో కాదో నాకు తెలియదు. ఆస్తి గొడవ వేరు. చేయని పనికి ఆయన్ని ఆ పిల్లవాడు జీవితమంతా భయంగా చూడటం వేరు.

గుడిగంట

మీ అమ్మమ్మ గారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ కోపం ఇప్పుడు అర్థమైంది అన్నా.

తిరిగొచ్చాను

నీలిగోరింట అక్కా, మీ తమ్ముడు ఉన్న చోట నేను ఉన్నాను. తొమ్మిదేళ్ల కిందట. స్కిజోఫ్రీనియా. ఇప్పుడు మందుల మీద బాగున్నాను. ఎవరూ లోపలి నుంచి చెప్పడం లేదు కాబట్టి చెబుతాను.

మొదట్లో నాకు వినిపించే గొంతుకి పేరు లేదు. ఎవరో మగమనిషి, నేను చేసే ప్రతి పనినీ వరసగా చెబుతూ పోయేవాడు. "లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. భయపడుతున్నాడు." అంతే. మా ఇంటికొచ్చినాయన "ఇది మీ వీధి చివర చనిపోయినవాడి ఆత్మ" అన్నాడు. ఆ రాత్రి నుంచి ఆ గొంతు ఆ చనిపోయినవాడిదే అయిపోయింది. వాడి దగ్గు కూడా వినిపించేది. నయం చేస్తానని వచ్చిన మనిషే నా భయానికి ఒక ముఖం తగిలించి వెళ్లాడు. మీ తమ్ముడి అద్దంలో పెదనాన్న ముందు వచ్చాడా, ఇంట్లో ఆ మాట అనుకున్నాక వచ్చాడా? ఒకసారి గుర్తు చేసుకోండి.

కొట్టినప్పుడు ఏమవుతుందో కూడా చెబుతాను. నన్ను కొడుతుంటే గొంతు, "చూశావా, మీ అమ్మ కూడా వాళ్లలో మనిషే" అంది. నొప్పి నాలుగు రోజులకు పోయింది. అమ్మ మీద ఆ అనుమానం పోవడానికి రెండేళ్లు పట్టింది. దెబ్బలకి తట్టుకోలేక నేనే చివరికి ఆ ఆత్మలా మాట్లాడాను, వెళ్లిపోతానని ఒప్పుకున్నాను. అందరూ దండం పెట్టుకున్నారు. నేను మాత్రం ఆ రాత్రి కూడా నిద్రపోలేదు.

వాడితో మాట్లాడేటప్పుడు "అద్దంలో ఎవరూ లేరు" అనకండి, వాడికి మీరు అబద్ధం చెబుతున్నట్టు ఉంటుంది. "అవును ఉన్నాడు" అని కూడా అనకండి. "నాకు కనిపించడం లేదురా. కానీ నీకు ఎంత భయంగా ఉందో తెలుస్తోంది. నేను ఇక్కడే కూర్చుంటా" అనండి. మా అక్క అలాగే కూర్చునేది.

నీలిగోరింట

తిరిగొచ్చాను గారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. మీరు అడిగింది గుర్తు చేసుకున్నాను. మొదట్లో తమ్ముడు "ఎవరో" అనేవాడు. పెదనాన్న పేరు ఆ దిండు కోసిన రోజు తర్వాతే వచ్చింది.

నిన్న రాత్రి వాడి పక్కన కూర్చున్నాను. ఏమీ మాట్లాడలేదు. తెల్లవారుజామున నాలుగింటికి "నువ్వు పడుకో అక్కా" అన్నాడు. నెల తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట అది.

న్యూరాన్

నేను నరాల వైద్యంలో ఉన్నాను. ఈ పిల్లవాడికి ఏముందో ఇక్కడి నుంచి చెప్పకూడదు, చెప్పను. ఇంట్లోవాళ్లకి తెలియాల్సిన ఒక సంగతి మాత్రం ఉంది. దెయ్యం అని ఒకే పేరుతో పిలిచేది నిజానికి చాలా వేర్వేరు జబ్బుల్ని. ఒక్కోదానికి వైద్యం ఒక్కోలా ఉంటుంది.

మూర్ఛ అందులో పాతది. సుమారు 2400 ఏళ్ల కిందటి గ్రీకులు దాన్ని దేవతలు పంపే జబ్బు అనేవారు. గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరుతో మిగిలిన రచనల్లో ఒకటి అప్పుడే ఆ మాటని కాదంది. మిగతా జబ్బుల కంటే ఇది పవిత్రమైనదేమీ కాదు, దీని మూలం మెదడులోనే ఉంది అని రాశారు. అన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఫిట్స్ వచ్చే పిల్లలు భూతవైద్యుల దగ్గరికి వెళ్తూనే ఉన్నారు.

2007లో జోసెప్ డాల్మావ్ అనే వైద్యుడి బృందం ఒక జబ్బును గుర్తించి పేరు పెట్టింది. మన రక్షణ వ్యవస్థే పొరపాటున మెదడులోని ఎన్ఎండిఎ గ్రాహకాల (మెదడు కణాలు సంకేతాలు అందుకునే చోట్లు) మీద దాడి చేస్తుంది. ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లలకి వస్తుంది. కొందరిలో అండాశయంలో గడ్డ ఉంటుంది. బాగున్న పిల్ల కొద్ది రోజుల్లోనే అరుస్తుంది, ఎవరెవరో కనిపిస్తున్నారంటుంది, తర్వాత ఫిట్స్, మూతి వంకరలు తిప్పడం, ఒళ్లు కొయ్యబారడం. పూనకమని అనుకోని ఇల్లు ఉండదు. రక్తం, వెన్ను నీరు పరీక్షిస్తే తెలుస్తుంది. సమయానికి వైద్యం అందితే చాలామంది కోలుకుంటారు. అదే పిల్లని గదిలో కట్టేసి నెల రోజులు పూజలు చేస్తే ప్రాణం పోవచ్చు.

ఇంకో రకం ఉంది. మనసు భరించలేనంత ఒత్తిడిలో మనిషి కాసేపు వేరే మనిషిలా మాట్లాడటం. ఇది నటన కాదు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో దీనికి విడిగా స్థానం ఉంది. భక్తితో, అందరూ ఆమోదించే సందర్భంలో వచ్చే పూనకాన్ని అందులో జబ్బుగా లెక్కించరు. మనిషి ఇష్టం లేకుండా వచ్చి, జీవితాన్ని కష్టపెట్టేదాన్నే జబ్బంటారు. వీళ్లకి ముఖ్యంగా కావాల్సింది వాళ్ల గోడు వినే మనిషి.

గుడిగంట, తూర్పుదిక్కు గార్ల వాదన గురించి ఒక మాట. ఘనా, నైజీరియా దేశాల్లో చేసిన ఒక అధ్యయనం 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. సైకోసిస్ (లేనివి వినిపించడం, కనిపించడం, లేనిదాన్ని గట్టిగా నమ్మడం) ఉన్న 307 మంది సంప్రదాయ వైద్యుల దగ్గర, ప్రార్థనా కేంద్రాల్లో ఉన్నారు. వాళ్లలో ఒక భాగానికి అక్కడికే ఆరోగ్య సిబ్బంది వెళ్లి, ఆ వైద్యులతో కలిసి పనిచేస్తూ మందులిచ్చారు. ఆరు నెలలకి వాళ్ల లక్షణాలు మిగతావాళ్ల కంటే బాగా తగ్గాయి. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గాలో కూడా దువా (ప్రార్థన)తో పాటు దవా (మందు) అని ఇలాంటి ఏర్పాటే చేశారు. ప్రార్థనని మాన్పించకుండానే మందు అందింది. ఆలస్యం మాత్రం వద్దు. సైకోసిస్‌కి వైద్యం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది. ఆరు నెలలు ఇప్పటికే ఎక్కువ.

మట్టిప్రమిద

నేను కాన్పు తర్వాత ఆరో రోజున బిడ్డను మార్చేశారని అరిచాను. నిద్ర అసలు లేదు. నా బిడ్డ కళ్లలో వేరే ఎవరో ఉన్నారనిపించేది. అత్తగారింట్లో గాలి సోకిందన్నారు, నేను వచ్చిన వేళే మంచిది కాదన్నారు. మూడు వారాలు బిడ్డని నాకు ఇవ్వలేదు, ఆసుపత్రికీ తీసుకెళ్లలేదు. మా అమ్మ వచ్చి గొడవ పెట్టుకుని తీసుకెళ్లింది. రెండు నెలల్లో మామూలయ్యాను.

తర్వాత డాక్టరు చెబితే తెలిసింది, ప్రతి 1000 కాన్పుల్లో ఒకరిద్దరికి ఇలా వస్తుందట, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదమట. కొత్తగా కాన్పయిన వాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. నీలిగోరింటా, మీరు మీ తమ్ముడికి మా అమ్మలాంటివారు.

నీలిగోరింట

ఎనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను. వెళ్లాం. అమ్మ కూడా వచ్చింది.

రాత్రిడ్యూటీ గారు చెప్పినట్టు నిద్ర గురించే మాట్లాడాను. ముందు ఆరు రాత్రుల లెక్క చదివి వినిపించాను. మొత్తం కలిపి 13 గంటలు. అమ్మ పుస్తకం లాక్కుని తనే మళ్లీ కూడింది. కూడి, "ఇంత తక్కువా" అంది. పాతఉత్తరం గారి పోస్టు కూడా చదివి వినిపించాను, ఏమీ అనలేదు. పొద్దున్న తనే చెప్పులు వేసుకుని నిలబడింది.

డాక్టరు దగ్గర అమ్మ ముందే అడిగేసింది, "ఇది చేతబడా, జబ్బా?" అని. ఆయన నవ్వలేదు. "అమ్మా, నాకు చేతబడి తీయడం రాదు. నిద్ర రప్పించడం, ఆ గొంతుల్ని తగ్గించడం వచ్చు. నాకు వచ్చిన పని నన్ను చేయనివ్వండి. మీ పూజ మీరు చేసుకోండి. కొట్టడం, పస్తులు పెట్టడం, మందు ఆపడం, ఈ మూడూ మాత్రం వద్దు" అన్నారు. అమ్మ తల ఊపింది. రక్తపరీక్షలు, స్కాన్ రాశారు, మాత్రలు మొదలుపెట్టారు. మొదటి రెండు రాత్రులు వాడు ఏడేసి గంటలు నిద్రపోయాడు.

నీలిగోరింట

రాత్రిడ్యూటీ గారూ ఉన్నారా? అర్జెంటు. మందు మొదలుపెట్టి ఇది మూడో రోజు. గంట నుంచి వాడి మెడ ఒక పక్కకి తిరిగిపోయి రావడం లేదు. కళ్లు పైకి పోతున్నాయి, నాలుక బిగుసుకుని మాట సరిగ్గా రావడం లేదు. అమ్మ "చూశావా, లోపలిదానికి మందు పడలేదు, ఎదురు తిరిగింది" అంటోంది. ఆ దిండు కోసినాయనకి ఫోన్ చేస్తానంటోంది.

రాత్రిడ్యూటీ

ఇది మందు వల్లే. హాలోపెరిడాల్ లాంటి మందులు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లో, ముఖ్యంగా కుర్రాళ్లలో వస్తుంది. డిస్టోనియా అంటారు. కండరాలు బిగుసుకుంటాయి. వాడికి తెలివి ఉంది, నొప్పిగా ఉంది, భయంగా ఉంది. ఇప్పుడే దగ్గర్లో ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మందుల చీటీ, మాత్రల పట్టీ వెంట ఉండాలి. ప్రోమెథజైన్ లాంటి ఇంజెక్షన్ ఇస్తే కాసేపట్లో విడుతుంది. గొంతు పట్టేసినా, ఊపిరి కష్టంగా ఉన్నా ఒక్క నిమిషం కూడా ఆగవద్దు.

అమ్మని ఇంట్లో వదిలి వెళ్లకండి. వెంట తీసుకెళ్లండి. ఇంజెక్షన్ చేసేటప్పుడు ఆమె చూడాలి.

నీలిగోరింట

తిరిగొచ్చాం. ఇంజెక్షన్ ఇచ్చిన ఇరవై నిమిషాలకి మెడ నిటారుగా వచ్చింది. వాడు "అమ్మా మంచినీళ్లు" అన్నాడు, మామూలు గొంతుతో.

అమ్మ నర్సుని అడిగింది, దెయ్యమైతే సూదికి వదులుతుందా అని. ఆ అమ్మాయి "వదిలింది మెడ పట్టేయడమే అమ్మా, అది మందు చేసిన పని, మందుతోనే పోయింది" అంది. పొద్దున్నే మా డాక్టరుకి ఫోన్ చేశాం. ఆయన మందు మార్చారు. మొదటి రోజే ఇలా రావచ్చని ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేదండీ. అమ్మ ఆ రాత్రి ఆ దిండు కోసినాయనకి ఫోన్ చేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

రాత్రిడ్యూటీ

మీరన్నది నిజం. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల మందు మానేసి వెనక్కి వెళ్లిపోయిన కుటుంబాలు నాకు తెలుసు. మెడ తిరగడం, చేతులు వణకడం, ఒకచోట కూర్చోలేకపోవడం, చొంగ కారడం, ఇవన్నీ చూసేవాళ్లకి దెయ్యం ముదిరినట్టే ఉంటాయి. అందుకే మేము డిశ్చార్జి రోజున తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని చెబుతాం. ఇంకా ఎక్కువమందికి చెప్పాలి.

కొత్త మందుతో ఆకలి పెరగొచ్చు, బరువు పెరగొచ్చు, పగలు మత్తుగా ఉండొచ్చు. పుస్తకంలో రాయండి, డాక్టరుకి చూపించండి, మీ అంతట మీరు ఆపకండి. గొంతులు బాగా తగ్గడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. అమ్మకి ఆ లెక్క ముందే చెప్పి ఉంచండి.

నీలిగోరింట

నెలన్నర అయింది. అడిగినవాళ్లందరి కోసం రాస్తున్నాను.

స్కాన్ బాగానే వచ్చింది. సైకోసిస్ అన్నారు, ఇంకా కొన్నాళ్లు చూశాకే పేరు చెబుతామన్నారు. గొంతు ఇంకా ఉందట, కానీ "దూరంగా, పక్కింట్లో రేడియోలా" ఉందన్నాడు. స్నానం చేస్తున్నాడు. ఫోన్ కెమెరా మీది ప్లాస్టర్ వాడే తీశాడు. అద్దం మీద దుప్పటి అలాగే ఉంది, మేమూ ముట్టుకోలేదు.

అమ్మ నమ్మకం మారిందా అంటే లేదు. ఎవరో చేశారనే ఇప్పటికీ అనుకుంటోంది. కానీ ఆ మనిషిని మళ్లీ పిలవలేదు. నిద్ర పుస్తకం ఇప్పుడు అమ్మే రాస్తోంది. పక్కన తనే గీత కొట్టుకుని ఇంకో వరుస పెట్టుకుంది, పొద్దున మాత్ర, దీపం అని. రెండూ అయ్యాక రెండింటికీ టిక్కు పెడుతుంది. నిన్న టిక్కు ఒక్కటే ఉంది. ఏమైందని అడిగితే, "మాత్ర వేశాను, దీపం పెట్టడం మర్చిపోయాను" అంది.

తిరిగొచ్చాను గారూ, మీ పోస్టు వాడికి చూపించవచ్చా? మీతో మాట్లాడాలని ఉందన్నాడు.

తిరిగొచ్చాను

తప్పకుండా చూపించండి అక్కా. సాయంత్రం ఏడు తర్వాత ఖాళీగా ఉంటాను. వాడికి మాట్లాడాలని లేకపోతే ఊరికే లైనులో ఉన్నా చాలని చెప్పండి.